టర్కీ ఆంటీ మీద నా కుళ్ళు

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. నా కుళ్ళు మాత్రం ఇంకా పోలేదు.

మొన్న సరుకులకి వెళ్ళినప్పుడు ఆ సంగతి తెలిసింది. నవంబరు వచ్చిందంటే ఇక్కడి పెద్ద స్టోర్లలో గుమ్మం దగ్గరే వేరుశెనగ నూనె డబ్బాలు గోడ కట్టినట్టు పేరుస్తారు. థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని నిలువునా నూనెలో దింపి వేయించేవాళ్ళ కోసం. మా ఆయన ఒక డబ్బా మీద చెయ్యి వేసి, "పాపం, ఆవిడ ఉంటే ఈపాటికి గరాజ్ నిండా నూనె కొని పెట్టుకునేది" అన్నారు. పాపం అన్నంతవరకూ నాకూ దుఃఖంగానే ఉంది. ఆ తర్వాత ఆయన గుటక వేశారు. నోరూరి వేసిన గుటక. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా వంట తలుచుకుని ఈ మనిషి నడిబజార్లో గుటక వేసిన గుర్తు లేదు నాకు. ఆయన్నీ డబ్బానీ అక్కడే వదిలేసి బండి తోసుకుంటూ ముందుకి వెళ్ళిపోయాను.

మేముండే కాపెల్ ఊళ్ళో మా తెలుగువాళ్ళ పిల్లలంతా ఆవిడని టర్కీ ఆంటీ అనేవాళ్ళు. పెద్దవాళ్ళం అక్కా అనేవాళ్ళం. ఆవిడ రాకముందు ఇదే పిల్లలకి ఒక బిర్యానీ ఆంటీ ఉండేది. అది నేను. థాంక్స్‌గివింగ్ అంటే మా ఇంట్లోనే. ఆఫీసులకి సెలవు, ఇక్కడ చుట్టాలు లేరు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఏం చేస్తారని ఒక ఏడాది పిలిచాను. తర్వాత అదే అలవాటైంది. తెల్లారగానే గుండిగలాంటి పెద్ద గిన్నెలో బిర్యానీ దమ్ము మీద పెడితే, మధ్యాహ్నానికి వాసన మా వీధి మలుపు దాకా వెళ్ళేది. ప్లేనోలో మా ఆఫీసులో ఏడాది పొడుగునా ఎవడో ఒకడు నాకు పని చెబుతూనే ఉంటాడు. ఆ ఒక్క పూట మాత్రం అందరూ పళ్ళేలు పట్టుకుని నా గరిటె వంక చూసేవాళ్ళు. ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది.

మా అమ్మాయి నాలుగో గ్రేడ్‌లో ఉండగా ఆవిడ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి మా పక్క వీధిలోకి దిగింది. వాళ్ళాయనకి ఇక్కడ ఉద్యోగం. పిల్లలు లేరు. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. వరంగల్ భాష ఏమాత్రం చెక్కు చెదరలేదు. మిషిగన్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో నాణ్యత తనిఖీ చేసే పని చేసిందట. ఆ పని మానేసినా ఆ గుణం మానలేదు. జేబులో పెన్ను పెట్టుకున్నట్టు ఎప్పుడూ ఒక వంటింటి థర్మామీటరు పెట్టుకు తిరిగేది. పాలల్లో పెట్టేది, టీలో పెట్టేది. పరిచయమైన కొత్తలో మా ఇంటికొచ్చి, నేను అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతుంటే, దమ్ము మీద ఉన్న నా బిర్యానీ మూత తీసి అందులో గుచ్చింది.

"మంచిగ ఉడికింది చెల్లె. ఇగ దించుకోవచ్చు" అంది.

దమ్ము మీద ఉన్న బిర్యానీ మూత తీసిన మనిషితో నేను నవ్వుతూ మాట్లాడాను. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి. ఆ రోజు నుంచి మూత చుట్టూ పిండి పూయడమే కాకుండా పైన రోలు కూడా పెట్టడం మొదలుపెట్టాను.

అసలు మండే విషయం ఏమిటంటే, ఆవిడకి వంట రాదు. అతిశయోక్తి కాదు, నిజంగా రాదు. ఆవిడ పప్పులో గరిటె తిప్పితే పప్పు వెతుక్కోవాలి. చారు పెడితే ఒకసారి చింతపండు మరిచిపోతుంది, ఒకసారి ఉప్పు. నాకు బొమ్మిడాయిల పులుసు నుంచి బొబ్బట్ల దాకా అన్నీ వచ్చు. ఆవిడకి వచ్చింది ఒక్క టర్కీ. ఊరంతా తలుచుకునేది మాత్రం ఆ ఒక్కటే. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయితే ఆ ఒక్కటీ ఎలా చేసేదంటే, చూడటానికే జనం వచ్చేవాళ్ళు. మేం వేయించడం అనేదాన్ని ఆవిడ గోలిచ్చుడు అనేది. "రేపు టర్కీ గోలిస్తున్న, రాండ్రి" అని ఫోన్. వెళ్ళేసరికి వాళ్ళాయన పాత తోలు జాకెట్టు, మగవాళ్ళ బూట్లు, నెత్తి మీద ముడి. ఇంటికి దూరంగా, కారు నిలిపే డ్రైవ్‌వే చివర గ్యాసు పొయ్యి, దాని మీద మనిషి కూర్చోగలిగినంత కుండ. చుట్టూ పిల్లలు రాసుకునే సుద్దతో పెద్ద గిరి గీసేది. "ఇది దాటినోళ్ళకి తోలు లేదు" అనేది. టర్కీలో అసలు రుచంతా ఆ కరకరలాడే తోలులోనే ఉంటుంది కాబట్టి మా మగవాళ్ళు కూడా ఆ గీత దాటేవాళ్ళు కాదు.

నూనె ఎంత పోయాలో ముందే నీళ్ళతో కొలిచేది. కుండలో టర్కీని పెట్టి, అది మునిగేదాకా నీళ్ళు పోసి, టర్కీని తీసేశాక ఆ నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఒక కర్ర ముంచి చూసేది. తడి ఆగిన చోట తన నుదుటి బొట్టు బిళ్ళ తీసి కర్రకి అంటించేది. ఆ బొట్టు దాకానే నూనె. తర్వాత టర్కీకి తువ్వాలుతో ఒళ్ళు తుడిచేది. పైనా, రెక్కల కిందా, కడుపులోనూ. అంతటితో ఆగక గరాజ్ నుంచి వైరు లాగి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టేది. "చేతులెత్తు నాయినా, గట్ల. సలి పెడుతుందా? జరసేపు ఆగు, మంచిగ ఎచ్చగ చేస్త" అని దానితో మాట్లాడేది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. మా అమ్మాయి అందరికన్నా ముందు వరసలో.

నూనె కాగగానే ముందు మిరపకాయ బజ్జీలు. మాలో మాంసం ముట్టని కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళకి ఎంగిలి కాని నూనెలో ముందు వేసిచ్చి, ఆ తర్వాతే టర్కీ. దాన్ని కొక్కేనికి తగిలించి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, మెల్లిగా, మెల్లిగా దింపేది. అంత నోరున్న మనిషి దింపేటప్పుడు ఊపిరి కూడా వినపడనిచ్చేది కాదు. పూర్తిగా దిగాక, "ఇగ మాట్లాడుకోండ్రి" అనేది. అప్పుడు అందరం ఒక్కసారి మాట్లాడేవాళ్ళం.

మొదటి ఏడాది ఆవిడ ఇంటికి నా వంతుగా బిర్యానీ ట్రే పట్టుకెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు అది సగానికి పైగా నిండుగా నా ఒళ్ళోనే ఉంది. మా ఆయన కారు నడుపుతూ, "ఆ స్కిన్ భలే ఉంది కదా" అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. వచ్చాక మాట్లాడాను, అది వేరే సంగతి. అదీ నాకు పెద్ద విషయం కాదు. వెనక సీట్లోంచి మా అమ్మాయి గడ్డానికి నూనె మరకతో, "అమ్మా, నెక్స్ట్ ఇయర్ కూడా టర్కీ ఆంటీ హౌస్‌కే వెళ్దామా? ప్లీజ్?" అంది. మా ఇంటి పండగ ఆ మాటతో పక్క వీధికి వెళ్ళిపోయింది. మళ్ళీ తిరిగి రాలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మా అమ్మాయి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చిన రోజు ఒంటరిగా కారు తీసుకుని మొదట వెళ్ళింది వాళ్ళింటికి. ఏ కాలేజీకి అప్లై చేయాలో ముందు ఆవిడతో మాట్లాడింది, తర్వాత మాకు చెప్పింది. సియాటిల్‌లో ఉద్యోగం వచ్చాక థాంక్స్‌గివింగ్‌కి దిగీ దిగగానే ఎయిర్‌పోర్ట్ నుంచే ఫోన్: "అమ్మా, ఆంటీ ఆయిల్ స్టార్ట్ చేసిందా?" నేను బాగున్నానా అని తర్వాత అడిగేది. టర్కీ బయటికి రాగానే ఛాతీ మీద తోలు మొదటి ముక్క ఆవిడ తన చేత్తో మా అమ్మాయి నోట్లో పెట్టేది. అది కళ్ళు మూసుకుని నమిలేది. నేను ఆ క్షణంలో ఎప్పుడూ పళ్ళేలు సర్దుతూ ఉండేదాన్ని. సర్దడానికి ఏమీ లేకపోయినా సర్దేదాన్ని. నా కూతురు నా వంట తిని ఒక్కసారి అలా కళ్ళు మూసుకుంటే చాలని ఉండేది. ఇంత వయసొచ్చి ఇదేం కోరిక అనిపించేది, అయినా ఉండేది.

ఒక ఏడాది ఇక పట్టలేక, ఈసారి టర్కీ మా ఇంట్లో, నేనే చేస్తానని గ్రూప్‌లో మెసేజ్ పెట్టేశాను. అందరికన్నా ముందు బొటనవేలు ఎత్తింది ఆవిడే. కుండ, పొయ్యి, కొక్కెం, అన్నీ తనే తెచ్చి మా గరాజ్‌లో పెట్టింది. జాగ్రత్తలు చెప్పబోతే, "చూశాను కదక్కా, ఇన్నేళ్ళుగా" అన్నాను.

నా లెక్క నాది. ఆవిడ టర్కీలో తోలు బాగుంటుంది గానీ లోపల మాంసం చప్పన. వెన్న, అల్లం వెల్లుల్లి రసం సూదితో ఎక్కించేది, అంతే. నేను బిర్యానీ కోడికి పెట్టినట్టే గట్టి పెరుగు, కారం, గరం మసాలా, కొత్తిమీర రుబ్బి టర్కీకి పట్టించి ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టాను. తోలు కిందా, కడుపులోనూ దట్టంగా. మసాలా పట్టించాక దాన్ని తుడిచేయడం అనే మాట మా వంటింట్లో ఎవరూ ఎప్పుడూ విననిది. దాన్ని బయటికి తెచ్చి కొక్కేనికి తగిలిస్తుంటే ఆవిడ దగ్గరికి వచ్చింది.

"పెరుగు పెట్టినవా చెల్లె?"

"పెట్టాను."

"తుడువలేదా? గిది నూనెల పడితే లేస్తది. నీళ్ళుంటయి పెరుగుల."

"కోడి వేపుడు ఎన్నిసార్లు చేయలేదక్కా. ఏం కాదు."

ఆవిడ వంగి పొయ్యి మంట ఆపేసింది. అంతమంది ముందు, నా డ్రైవ్‌వేలో, నా పొయ్యి మీద చెయ్యి! తెచ్చింది ఆవిడే అయినా ఆ పూటకి అది నా పొయ్యి. పళ్ళు కొరుక్కుంటూ టర్కీని దింపాను.

సగం కూడా దిగలేదు. నూనె ఒక్కసారి గర్జించి పైకి లేచింది. కొక్కెం వదిలేసి వెనక్కి దూకాను. పెరుగు తరకలు తేలుతూ నూనె కుండ అంచు దాటి, పొయ్యి మీదుగా పొర్లి డ్రైవ్‌వే అంతా పారింది. మంట వెలుగుతూ ఉండుంటే ఏమయ్యేదో మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ వివరంగా చెబుతుంటారు. ఆవిడ మాత్రం కారు డిక్కీలోంచి ఇసుక బస్తా తెచ్చి నూనె మీద గుమ్మరించింది. టర్కీ గోలిచ్చే రోజు ఇసుక లేకుండా ఇల్లు కదలదట. అందరూ తేరుకుని నా వంక చూడబోతున్నారు. ఆ చూపు నా మీద పడేలోపే ఆవిడ గొంతు లేచింది.

"తప్పు నాదే. కొలతకర్ర మీద బొట్టు ఎక్కువ మీదికి పెట్టిన. నూనె ఎక్కువైంది. పాపం చెల్లె ఏం చేస్తది?"

అందరూ నమ్మారు. ఆ కర్ర మీద బొట్టు పెట్టింది నేను. ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. ఆ పూట అందరం బజ్జీలూ పులిహోరా తిన్నాం. అందరూ, "ఎంత పెద్ద మనసండీ, ఎంత ఒప్పుకోలు" అంటూ ఆవిడనే మెచ్చుకున్నారు. తప్పు తన నెత్తిన వేసుకుని ఆ రోజు కూడా తనే గెలిచింది. నేను కృతజ్ఞత చూపించి ఉండాల్సిందంటారేమో. చూపించాను, బయటికి. లోపల మాత్రం ఆవిడ కనీసం ఒక్కసారి నన్ను దెప్పి ఉంటే బాగుండేదని, అప్పుడు హాయిగా తిట్టుకునేదాన్ని కదా అని ఉడికిపోయాను.

కిందటేడు ఎండాకాలంలో ఆవిడకి జబ్బని తెలిసింది. మందులు మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోయింది. శరీరం సగమైంది, జుట్టు పోయింది, గొంతు మాత్రం అలాగే ఉండేది. నవంబరు వచ్చాక ఈసారి పండగ ఎవరూ తలపెట్టొద్దని మేమంతా అనుకున్నాం. ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, ఈసారి నువ్వే గోలియ్యాలె. మా ఇంటికాడనే. నేను కుర్చీల కూసొని చూస్త."

"నావల్ల కాదక్కా. ఆ రోజు చూశావుగా."

"ఆ రోజు చూసినంకనే చెప్తున్న. ఇంకెవ్వల్లకిస్తే చెడగొడతరు. నీకు పంతమున్నది."

దాన్ని పొగడ్త అనుకోవాలో ఏమనుకోవాలో తెలియలేదు. నాలోని ఆ గుణం ఆవిడకి మొదటి నుంచీ తెలుసన్నమాట. సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది, చివరికి సరేనన్నాను.

గరాజ్ ముందర మడత కుర్చీ వేసి, ఊలు టోపీ, రెండు దుప్పట్లతో ఆవిడని కూర్చోబెట్టారు. నేను సుద్దతో గిరి గీశాను. ఒక్క నీటి చుక్క లేకుండా తుడిచాను. డ్రయ్యర్ పెట్టాను, మాట్లాడటం మాత్రం నాకు రాలేదు. బజ్జీలు తీశాక ఎవరూ చెప్పకుండానే మంట ఆపి టర్కీని దింపాను. నూనె కుతకుతమంది గానీ కుండ అంచు దాటలేదు. మళ్ళీ మంట వెలిగించి వెనక్కి తిరిగి చూశాను. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. వంక పెడుతుందని, జరుగు అంటుందని. ఆవిడ మాత్రం కళ్ళార్పకుండా నా చేతుల వంక చూస్తూ కూర్చుంది.

బయటికి తీసినప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ రంగు ఆవిడ చేతిలో కూడా నేనెప్పుడూ చూడలేదు. కత్తి పెడితే తోలు చిటుక్కుమంది, లోపలి నుంచి రసం కారింది. చేసిన మనిషికి తెలియకుండా ఉండదు, నేను చేసిన వంటల్లోకెల్లా అది గొప్పది. సియాటిల్ నుంచి అప్పుడే దిగిన మా అమ్మాయి ఆవిడ కుర్చీ చేతి మీద కూర్చుని ఉంది. చిన్న ముక్క తోలు ఆవిడకి, ఒక ముక్క దానికి ఇచ్చాను.

ఆవిడ చాలాసేపు నమిలింది. నమిలి నమిలి, మింగలేక కాగితం రుమాల్లో పెట్టి మడిచింది.

"నోరంత ఇనుము లెక్కున్నది చెల్లె. మందులతోని రుచే తెలుస్తలేదు. నువ్వే చెప్పు. ఎట్లున్నది?"

ఇన్నేళ్ళు ఆవిడ నోటితో ఒప్పించాలని చూశాను. తీరా చేసి పెట్టేసరికి ఆ నోటికి రుచి లేదు. మా అమ్మాయి వంక చూశాను. అది కళ్ళు మూసుకుని నములుతోంది. కళ్ళు తెరిచింది. పెద్దవి చేసింది.

"అమ్మా, ఓ మై గాడ్, దిస్ ఈజ్ ద..."

"రాలేదక్కా" అన్నాను, దాని మాట మీద మాట వేసి. గట్టిగానే అన్నాను. "ఏదో తక్కువైంది. నీది వచ్చినట్టు రాలేదు."

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాటని నా కూతురి నోట్లో నేనే సగంలో తుంచేశాను. ఆవిడ నన్ను నమ్మలేదు. మెడ తిప్పి దాన్ని అడిగింది.

"నిజమేనా బిడ్డా?"

మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. చేతిలో మిగిలిన తోలు ముక్క వంక చూసింది. దాన్ని మెల్లిగా పళ్ళెంలో పెట్టేసి, "యా ఆంటీ" అంది. "అమ్మది ఓకే. బట్ మీదే బెస్ట్. ఆల్వేస్."

"నాకెర్కే" అంది ఆవిడ. ఎంత హాయిగా అందో! దుప్పటి గడ్డం దాకా లాక్కుని కుర్చీలో వెనక్కి వాలి, "గోలిచ్చుడు అందరికి వస్తదా!" అని నవ్వింది. కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకే పోయింది.

మా అమ్మాయి ఆ రోజు చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. చెప్పించింది నేనే. అయినా నా కూతురి నోట్లోంచి ఆ మాట బయటికి రాగానే నా ఒళ్ళు భగ్గుమంది. ఇప్పుడు తలుచుకున్నా మండుతోంది.